ఎవరూ చావని పుస్తకం

(వరద బాధితుల కోసం వేస్తున్న కథల పుస్తకం ఆ సాయంత్రమే అచ్చుకి వెళ్ళాలి. బడిలో కంప్యూటరు గది. పుస్తకం బాధ్యత నెత్తినేసుకున్న లెక్కల టీచరు, కథలు టైపు చేస్తున్న ఆమె మేనకోడలు ఉన్నారు. గొంతు పైకి రాదని ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. చెక్క అడ్డుకి అవతల, హాల్లో, ఇళ్ళు మునిగినవాళ్ళు తలదాచుకుంటున్నారు.)

"చచ్చాడా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

"లేదత్తా."

"లేదా! హెడ్డు కానిస్టేబుల్‌గారి కథలో మొదటి పేజీలోనే కదే శవం దొరికేది? పోలీసు ఉద్యోగంలో చూసిందంతా పిండి రాశాడు పాపం ఆ పెద్దమనిషి. ఏమిటా కథ పేరు?"

"'గోనెసంచిలో శవం'."

"ఇప్పుడా సంచిలో ఏముంది?"

"ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు!"

"పేరు మాత్రం మార్చలేదత్తా. రచయిత పెట్టుకున్న పేరు ముట్టుకోకూడదని నువ్వే అన్నావుగా."

"పేరు ముట్టుకోలేదు, శవాన్ని మాయం చేశావు! మరి ఆ చచ్చినవాడేడీ?"

"పక్కగదిలో టీ పెడుతున్నాడు."

"ఎవరికి?"

"దర్యాప్తుకొచ్చిన వాళ్ళకి."

"అంటే వాడి హత్య గురించి వాడినే అడుగుతున్నారా?"

"అతనికైతే బాగా తెలుస్తుందని..."

"మరి చివర్లో హంతకుడు ఏడుస్తూ నేరం ఒప్పుకుంటాడే, ఆ ఘట్టం?"

"అది ఉంచానత్తా. ఉల్లిపాయలు తనే దొంగిలించానని ఒప్పుకుంటాడు. ఏడుపు కూడా ఉంచాను. ఉల్లిపాయలు కదా, సరిపోయింది."

"నీ ఉల్లిపాయలు తగలెయ్య! ఇదిగో, మళ్ళీ ఆయనే చేస్తున్నాడు. హలో, హెడ్డుగారూ! ... చూశానండీ. ... అవునండీ, ఉల్లిపాయలేనండీ. ... అయ్యో, మిమ్మల్ని వెటకారం చెయ్యడానికి కాదండీ. ... అలాగేనండీ. చంపేస్తామండీ. సాయంత్రంలోగా చంపేస్తాం. ... మీరు చెప్పినట్టే, తాడుతోనేనండీ. మా మేనకోడలే దగ్గరుండి చంపుతుంది. ... సరేనండీ. చంపేసి ఫోను చేస్తాను."

"అత్తా, మెల్లిగా. అవతల వింటున్నారు."

"విననీ! ప్రూఫు తెప్పించుకుని చూసి ఆయనేమన్నాడో తెలుసా? సాయంత్రంలోగా తన మనిషి చావకపోతే తన కథ వెనక్కి ఇచ్చెయ్యాలట. ఊరుకుంటాడా? మిగతా తొమ్మిది మందికీ ఫోను చేసి, మీ కథలు కూడా ఓసారి చూసుకోండని చెప్తాట్ట. వాళ్ళంతా తప్పుకుంటే ఏం మిగుల్తుంది మనకి? అట్టా, నా ముందుమాటా. ఆదివారం జనాన్ని పిలిచి అట్టలమ్ముతానా? అదిగో, ఆ హాల్లో వాళ్ళకి పైకప్పు రేకులు ఈ పుస్తకం అమ్మితేనే కదే వచ్చేది! కొంప ముంచావు కదే పిచ్చుకా!"

"అత్తా... ఆ మాట మెల్లిగా అను. వాళ్ళవి నిజంగానే మునిగాయి."

"అవును, అవును. నోరు జారింది. సరే, జరిగిందేదో జరిగింది. మిగతా వాటి జోలికి వెళ్ళలేదుగా, పిచ్చుకా?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"చచ్చిపోయేవాళ్ళ జోలికి మాత్రమే వెళ్ళాను."

"నేనడిగిందేమిటి అందర్నీ? కన్నీటి కథలు కావాలన్నాను. అట్ట మీద కూడా అదే వేశాం, 'పది కన్నీటి కథలు' అని. ప్రతివాడూ కథకొకర్ని తక్కువ కాకుండా చంపి ఇచ్చాడు. పళ్ళ డాక్టరుగారి కథ చెప్పు. ఆ పిల్ల ప్రేమించినవాడి ఒళ్ళో ప్రాణం విడుస్తుంది కదా?"

"ఒళ్ళోనే ఉందత్తా. ప్రాణం బదులు పన్ను విడిచింది."

"ఏమిటీ?"

"నొప్పిగా ఉన్న పన్ను ఊడిపోయింది. ఇద్దరూ చాలా సంతోషించారు. రాసింది పళ్ళ డాక్టరుగారు కదా, నచ్చుతుందేమో అని."

"నచ్చుతుంది, నచ్చుతుంది, నా పళ్ళు రాలగొడతాడు. కరెంటాయన దెయ్యం కథ? దెయ్యమంటేనే చచ్చిన మనిషి కదే, దాన్నేం చేశావు?"

"దెయ్యం కాదత్తా, పక్కింటావిడ. కొవ్వొత్తి అడగడానికొచ్చింది."

"అర్ధరాత్రి, జుట్టు విరబోసుకునా?"

"తలంటుకుంది."

"ఓరి భగవంతుడా! చరిత్ర మేష్టారి యుద్ధం? దాంట్లో పదివేల మంది! పదివేల మందినీ..."

"అది కష్టమైందత్తా. ఒక్కొక్కళ్ళనీ బతికించలేక యుద్ధమే వాయిదా వేశాను. ముందు వానొచ్చిందని రాశాను. మళ్ళీ, వరద వచ్చినవాళ్ళ పుస్తకంలో వానేమిటని తీసేశాను. రెండు వైపులా ఏనుగులకి జలుబు చేసిందని పెట్టాను."

"ఏనుగులకి."

"తొండంతో తుమ్మితే గుడారాలు ఎగిరిపోతున్నాయట. రాజులిద్దరూ కలిసి వైద్యుణ్ణి పిలిపించారు."

"నవ్వకు! నవ్వొద్దు నువ్వు. నేనూ నవ్వను. ఇది నవ్వే విషయం కాదు. బ్యాంకాయన కథలో కొండ మీంచి పడ్డవాడు?"

"చొక్కా కొమ్మకి తగులుకుంది."

"వంట మేస్త్రీ కథ? అది మనుషుల కథే కాదు, అందులో కోడి..."

"కోడి పుట్టింటికెళ్ళింది."

"కోడికి పుట్టిల్లేమిటే!"

"గంప ఎత్తి చూస్తే కోడి లేదు కదా, కూరలోకి వెళ్ళిందనకుండా ఇంకేం రాయాలో తెలీలేదత్తా."

"దర్జీ కథ మాత్రం ముట్టుకున్నానని చెప్పకు. ఆ ఒక్కటీ చెప్పకు. కొడుకు కోసం గుమ్మంలో కూచుని కూచుని తల్లి కన్నుమూస్తుంది, కొడుకు కొత్త చీర పట్టుకుని ఆలస్యంగా వస్తాడు. నేను కాపీలు దిద్దుతూ దిద్దుతూ చదివి, పిల్లల సున్నాలన్నీ తడిపేశానే ఆ రోజు!"

"ఇప్పుడు కొడుకు ముందు బస్సుకే వచ్చేశాడత్తా. చీర కట్టుకుంది. నువ్వు ఇప్పుడు కూడా ఏడవచ్చు, కాకపోతే సంతోషంగా."

"అసలు నీకెందుకొచ్చిందే ఈ బుద్ధి?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా పదివేల మందిని బతికిస్తారా? నీది సున్నితమైన మనసు, తెలుసు నాకు. చీమల వరస దాటాలంటే చుట్టూ తిరిగొచ్చే రకం. కానీ అవి నీ కథలు కావు, తల్లీ. వేరేవాళ్ళు రాసుకున్నవి. ఒకళ్ళ లెక్క ఇంకొకళ్ళు కొట్టేసి వేరే జవాబు రాస్తే నేనూరుకుంటానా క్లాసులో?"

"ఊరుకోవు."

"మరి? అసలు ప్రూఫులు చూసుకుంటూ గట్టిగా చదవమన్నాను కదా నిన్ను. చదివేటప్పుడైనా తప్పనిపించలేదా? ఒకరు చదవాలి, ఒకరు వినాలి, అప్పుడే తప్పులు దొరుకుతాయని చెప్పానా?"

"చదివాను. విన్నారు కూడా."

"ఎవరు విన్నారు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరంటే?"

"అత్తా, టైమవుతోంది. హెడ్డుగారి కథ ముందు..."

"మాట తప్పించకు. సరే, అదీ నిజమే, టైమవుతోంది. రాసిన కాగితాలివ్వు. నేను చదువుతాను, నువ్వు ఉల్లిపాయలు తీసి శవాన్ని పెడుతూ ఉండు."

"గట్టిగా చదవొద్దత్తా."

"నాకు మెల్లిగా చదవడం చేతకాదు. వెనక బెంచీ దాకా వినపడాలి, అది నా వృత్తి. ఊఁ, కానీ. 'తెల్లవారింది. గోనెసంచి మూతి విప్పగానే అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. అందులో ఉన్నది...'"

"అత్తా!"

"'అందులో ఉన్నది, వారం రోజుల నుంచి ఇంటికి రాని ఆ మనిషి...'"

"ఆగండాగండి, టీచరమ్మా! ఆగండి! అందులో ఉన్నది ఉల్లిపాయలు!"

"ఎవరదీ?"

"నేనే, అడ్డుకి ఇవతల! ఆ సంచిలో ఉల్లిపాయలండీ. మీరు తప్పు చదువుతున్నారు. ఆ మనిషి పక్కగదిలో టీ పెడుతూ ఉంటాడు. ఉండండి, నేనే వస్తా. పీట తెచ్చుకుంటా!"

"పిచ్చుకా, ఎవరే ఆవిడ?"

"మామ్మగారు. కిటికీ పక్క చాప ఆవిడది. ప్రూఫులు వినేది ఆవిడే. ఎవరూ దొరక్కపోతే నేనే అడిగాను. చదువు రాదు, కానీ బాగా వింటుంది. అత్తా, తొందరగా చెప్పేస్తాను, వచ్చేలోపు. మొదటి రోజు ఉన్నది ఉన్నట్టే చదివాను. ఆ రోజంతా ఆవిడ ఏమీ తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు వచ్చి, 'నిన్నటిది నువ్వు సరిగ్గా చదివావా, అమ్మడూ? ఇంకోసారి చూడు' అంది. చూశాను. చూసి, ఉల్లిపాయలని చదివాను."

"ఎందుకు?"

"వాళ్ళాయన పడవెక్కలేదు. దూడని విప్పొస్తానని వెనక్కి వెళ్ళాడట."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ తెలీదు ఎవరికీ. ఒకసారి బతికాడని చదివేశాక, మళ్ళీ చచ్చాడని టైపు చేస్తే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది కదత్తా. అందుకని..."

"ఇదిగో, వచ్చేశా. జరగమ్మా కొంచెం. టీచరమ్మా, ఏమీ అనుకోకండి, మీరు లెక్కలు చెప్తారట, అందుకే చదవడం ఇలా ఉంది. అమ్మడు గొంతు చిన్నదే కానీ ఒక్క తప్పు చదవదు."

"కూర్చోండి, మామ్మగారూ. మీరేనా రోజూ వినేది?"

"నేనే. మొదట్లో ఈ రాసేవాళ్ళ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. మనిషి రెండు రోజులు కనిపించకపోతే చాలు, చంపేసి కూచుంటారు. కొంచెం ఓపిక పట్టకూడదూ? తర్వాత తర్వాత వింటుంటే తెలిసింది, ఎంత బాగా రాశారో. ఆ కొండ మీది అబ్బాయి చొక్కా ఉంది చూడండి, కొమ్మకి తగులుకుంటుందే? నాకు చెమటలు పట్టాయి! అది మంచి బట్ట అయ్యుండాలి. మా ఆయన చొక్కా అయితే చర్రున చిరిగేది."

"అలాగా."

"చిరిగినా ఆయనకేం కాదనుకోండి. ఈతొచ్చు. ఒట్టి ఆలస్యం మనిషి, అంతే. పెళ్ళికి కూడా ఆలస్యంగా వచ్చాడు, అదీ ఆయన పెళ్ళికే! ఎందుకాలస్యమైందని అడిగితే దారిలో ఎవరిదో బండి బురదలో దిగబడిందట, తోస్తూ ఉండిపోయాట్ట. పట్టుబట్టలతో!"

"మామ్మగారూ, మీరీ పూట ఏమైనా తిన్నారా?"

"తిన్నా, తిన్నా. టీచరమ్మా, మీకో మాట చెప్పనా? ఈ కథల వల్ల నాకు పెద్ద ఉపకారం జరిగింది. మనిషి ఇంటికి రాకపోతే ఒక్కటే కారణం అనుకునేదాన్ని. ఇప్పుడు బోలెడున్నాయి నా దగ్గర. టీ పెడుతూ ఉండొచ్చు. కొమ్మకి తగులుకుని ఉండొచ్చు. ఏనుగులకి జలుబు చేసి ఉండొచ్చు. అవతల చాప మీద ఒక పిల్ల తమ్ముడి కోసం వెక్కివెక్కి ఏడుస్తుంటే కొండ కథ చెప్పా. అటు మూల ముసలాయనకి కోడి కథ చెప్పా. అందరికీ సరిపడా ఉన్నాయి. ఏమిటలా చూస్తారు? ఊఁ, ఇవాళ కొత్తదేది? ఇంకొకటి మిగిలిందిగా అమ్మడూ? రోజూ అడుగుతున్నా, రేపు రేపు అంటున్నావు."

"అది... అది ఇంకా టైపు చెయ్యలేదు మామ్మగారూ."

"చెయ్యలేదా! పదోది చెయ్యలేదా? సాయంత్రం అచ్చుకెళ్తుంటే!"

"లారీ అంకులు రాసిందత్తా. నాకు... నాకు కుదరలేదు. మూడు రోజుల నుంచి చూస్తున్నాను. ఎటునుంచి చూసినా కుదరడం లేదు."

"కుదరకపోవడమేమిటే? ఇలా ఇవ్వు. అబ్బ, ఏం చేతిరాతరా నాయనా, గతుకుల రోడ్డు మీద లారీ తోలుతూ రాసినట్టున్నాడు. ఇందుకే నేను కూడా చదవకుండా నీకిచ్చేశాను."

"చదవండి టీచరమ్మా. మీ గొంతు బాగుంది, మా హాలంతా వింటారు."

"అత్తా, వద్దు. నేను తర్వాత మెల్లిగా..."

"నువ్వుండవే. చదువుతాను మామ్మగారూ, వినండి. 'ఆ ఏటి మీద పడవ నడిపే మనిషికి ఊళ్ళో శత్రువులు లేరు, తన మేక తప్ప.'"

"హహ్హ! బాగా మొదలైంది. మేకంటే శత్రువే."

"'ఆ మేక అతని లుంగీలు రెండు తింది. పడవ తెడ్డు అంచు కూడా తింది. ఎంత తిట్టినా అతను దాన్ని అమ్మలేదు.'"

"ఎలా అమ్ముతాడు? అమ్మలేరు అలాంటివాళ్ళు. ఊఁ?"

"'ఆ ఏడు ఏరు పొంగింది. అతను ఊరందర్నీ దఫాలు దఫాలుగా గట్టుకి చేర్చాడు. చివరి దఫాలో భార్యని ఎక్కించాడు. ఆమె దిగాక, మేక మర్చిపోయానని మళ్ళీ...'"

"ఊఁ?"

"..."

"ఊఁ, టీచరమ్మా? మళ్ళీ?"

"చేతిరాత సరిగ్గా లేదండీ ఇక్కడ."

"పర్లేదు, కూడబలుక్కోండి. తొందరేముంది, నేనెక్కడికీ వెళ్ళను."

"అత్తా, ఇటివ్వు. నేను చదువుతాను."

"నువ్వుండు. '...మళ్ళీ పడవ వెనక్కి తిప్పాడు. భార్య గట్టు మీద నిలబడి పిలుస్తూనే ఉంది. అతను చెయ్యెత్తి ఊపాడు. ఆ తర్వాత... ఆ తర్వాత ఆ పడవని...'"

"ఆ పడవని?"

"పడవని... ఏటి మధ్యలో ఒక చెట్టుకి కట్టేశాడు."

"ఏం చెట్టు?"

"ఏం చెట్టా? పెద్ద చెట్టండీ. ఎత్తు... ఇరవై అడుగులు. కాదు, ముప్ఫై. నీళ్ళు పన్నెండడుగులే. అంటే ఇంకా పద్దెనిమిది అడుగులు పైకే ఉంది చెట్టు. లెక్క సరిపోయింది."

"అలా రాశాడా లారీ ఆయన?"

"రాశాడండీ. ఖచ్చితంగా రాశాడు. చెట్టెక్కాడు."

"మేకతోనా?"

"మేకతోనే. భుజాన వేసుకుని ఎక్కాడు. మెడ చుట్టూ, ఇలా, కండువాలాగా."

"సరే, ఎక్కాడు. నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి? తగ్గుతాయి కదా? తగ్గాక దిగి రావాలి కదా? భార్య గట్టు మీదే ఉందిగా?"

"తగ్గాయండీ. ఆయన దిగుదామనే అనుకున్నాడు. ఒక కాలు కిందికి పెట్టాడు కూడా."

"మరి?"

"మేక దిగనంది."

"ఆఁ?"

"పైన ఆకులున్నాయి కదండీ. కింద లేవు, వరదకి కొట్టుకుపోయాయి. అందుకని అది దిగనంది. దాన్ని వదిలి ఆయన దిగలేడు. ఆకులైపోవాలి, అది దిగాలి, అప్పుడు ఈయన దిగాలి. అదీ ఆలస్యం. మామ్మగారూ? ఏమిటండీ, నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?"

"ఇది నిజం కథ, టీచరమ్మా. మిగతావన్నీ కల్పించారని నాకు తెలుసు. ఏనుగులకి జలుబేమిటి! కానీ ఇది నిజం. మేకలంతే. దూడలు ఇంకా మొండివి. ఉండండి, ఇది అవతలి వాళ్ళకి చెప్పొస్తా. పీట ఇక్కడే ఉండనీ."

"జాగ్రత్తండీ, గడప ఉంది. ఏం చూస్తున్నావే, పిచ్చుకా?"

"ఏం లేదత్తా. మూడు రోజులు ఆలోచించాను నేను. మేక దిగనంటుందని తట్టనే లేదు."

"మూడు రోజులు ఒక్కదానివే ఎందుకు మోశావే? అత్తని కానా నేను? చెప్పకూడదూ?"

"తిడతావని."

"తిడతాను. తిట్టి, అప్పుడు చెట్టెక్కిస్తాను. ఇదిగో, మళ్ళీ ఫోను."

"హెడ్డుగారేనా? అత్తా, నేను ఇప్పుడే మార్చేస్తాను. తాడు ఎన్నో పేజీలో..."

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి. హలో, హెడ్డుగారూ. ... లేదండీ, ఇంకా చంపలేదు. ... చంపమండీ. ... అవునండీ, మీరు సరిగ్గానే విన్నారు. ... చెప్పండి, అందరికీ ఫోను చేసి చెప్పండి. పళ్ళ డాక్టరుగారి నెంబరు కావాలంటే నేనే ఇస్తాను. ... మీ కథ మీదేనండీ, కాదన్నదెవరు? మీ పేరూ, మీ గోనెసంచీ, మీ తాడూ, మీ హంతకుడూ, అన్నీ మూటగట్టి ఇప్పుడే పంపిస్తాను, పట్టుకుపోండి. ఆ మనిషిని మాత్రం ఇక్కడే వదిలెయ్యండి."